పాలచెక్క

మూలకడై టింబర్ డిపోలో
పైన్ దుంగల కంటైనర్ దించుతుంటే
వాటి మధ్య నుంచి దొర్లింది, దారి తప్పిన మొహంతో ఒకటి.
పొరలు పొరలుగా ఊడుతున్న ఎర్ర బెరడు.
మనిషెత్తు మీద జానెడు.
నడుంలో మెలిక, పక్కన గుప్పెడు కణుపులు,
ఒక చివర బొటనవేలు దూరేంత పుచ్చు.

"వేస్ట్ అణ్ణా" అన్నాడు ఇళంగో.
సేటు కాటా మీద పెట్టించి కట్టెల ధర చెప్పాడు.
కొన్నాను. ఎందుకని అడక్కండి.
కోసిన చివర మీద ఉమ్ము రాసి చూశాను, అంతే.
లోపల పండు నారింజ రంగు చేవ,
చుట్టూ వేలి మందాన తెల్లటి పాలచెక్క,
రెండింటి మధ్య పెన్సిల్‌తో గీసినట్టు గీత.

యూ అంటారట. చలిదేశపు చెట్టు.
పేరు చెప్పింది హెప్సిబా,
పెరంబూరు రైల్వే క్వార్టర్స్ పిల్ల.
విరిగిన ఫైబర్ విల్లు అతుకుతావా తాతా అని
ఆ మధ్య వచ్చింది. అది అతకలేదు గానీ
పిల్ల రావడం మానలేదు.
"ఇది విల్లుల చెట్టు" అంది తడిమి చూసి.
"విషం కూడా. పొట్టు పీల్చకు."

రంపం పెట్టకూడదు. పోగు ఎటు పోతే అటే పోవాలి.
చీలలు దిగ్గొట్టాను. గూటం దెబ్బకి
దుంగ నిద్రలో పళ్లు కొరికింది.
నాలుగవుతుందనుకుంటే మూడయింది.
ఒకటి పుచ్చుతో పోయింది,
ఒకటి పేనిన తాడులా తిరిగిపోయింది.
మిగిలిన బద్దకి చివర్లలో మైనం పూసి
అటకెక్కించాను.
వ్యాసర్పాడి సబ్‌వే రెండుసార్లు మునిగింది,
అది ఆరుతూనే ఉంది.

మా నాయన సూళ్లూరుపేటలో తలుపులు చేసేవాడు.
పాలచెక్క కనబడితే బాడిసెతో చెక్కి పొయ్యిలో పడేసేవాడు.
పురుగు పట్టేది అదే, పుచ్చేది అదే,
చేవలేనిది చెక్కా కాదు, మనిషీ కాదు, అంటూ
నా వైపు చూసేవాడు.
నలభై రెండేళ్లు నేనూ అదే పని చేశాను.
ఇప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుని
తెల్లదాన్ని కాపాడుతూ కూర్చున్నాను.
విల్లుకి వీపు అదే. సాగేది అదే.
చేవ నొక్కితే ఓర్చుకుంటుంది,
సాగమంటే పుటుక్కున విరుగుతుంది.
నాయనా, ఇది నీకు చెప్పాల్సింది.

కణుపు దగ్గర చిత్రిక పట్టను.
నిద్రపోతున్న కుక్కని దాటినట్టు
ఆకురాయితో చుట్టూ తిరుగుతాను.
అక్కడ కాస్త కండ ఎక్కువే వదిలాను,
బొడిపెలా, చూడ్డానికి బాగోదు.
ఒక కణుపు లోపల మెత్తబడి
గోరు పెడితే ముక్కుపొడిలా రాలింది.
ఆ బొక్కని పూడ్చలేదు,
ఇరుపక్కలా దారిచ్చాను.

గోడకి కొయ్య కొట్టి, అల్లెతాడు లాగి చూసి,
దించి, గాజుపెంకుతో గీకి, మళ్లీ లాగి.
రోజుకి అంగుళం. కొన్ని రోజులు అదీ లేదు.
మొక్కై వంగనిది మానై వంగునా అంటారు.
వంగింది. పైరెక్క మర్యాదగా,
కిందిరెక్క మెలిక దగ్గర మొండికేసి.

ఇరవై నాలుగో అంగుళం దగ్గర
టిక్కుమంది.
ఇళంగో రేడియో ఆపేశాడు.
భూతద్దం పెట్టి వెతికాను, ఎక్కడా గీత లేదు.
"నాకు ఇరవై ఆరు కావాలి తాతా."
"కొలిచినప్పుడు ఇరవై నాలుగేగా."
"అప్పటికి నాకు పన్నెండేళ్లు."
చెయ్యి చాచి చూపించింది. నిజమే,
చెక్క ఆరేలోపు పిల్ల పెరిగింది.
"దీనికి ఇరవై నాలుగే ఇష్టం" అన్నాను.
ఆలోచించింది. "అయితే మోచెయ్యి కొంచెం మడుస్తాలే."

గోడౌన్ వెనక, రంపంపొట్టు బస్తా మీద
మొదటి బాణం ఎడమకి పోయింది.
రెండోదీ ఎడమకే.
నేను విల్లు అందుకోబోయాను, ఇంకాస్త గీకుదామని.
ఇవ్వలేదు.
మూడోసారి తనే
అడుగు కుడికి జరిగి నిలబడింది.

తిరిగిపోయిన బద్ద ఇంకా అటక మీదుంది.
పారేయనా అని వారానికోసారి అడుగుతాడు ఇళంగో.
ఉండనీరా, అంటాను.